ఆదోని నుంచి వచ్చిన అమీనా

కోర్టు కాగితాలు తెచ్చి ఇచ్చేవాడిని, కోర్టు చెప్పిన పని చేసిపోయేవాడిని మా వైపు అమీనా అంటారు. హాలహర్వి దగ్గర మా ఊర్లో పోలీసుకన్నా ఆయనకే ఎక్కువ భయపడేవాళ్ళం. ఆయన ఆదోని బస్సు దిగాడని తెలిస్తే చాలు, సగం వీధి తలుపులకు గొళ్ళాలు పడేవి. కాగితం ముట్టుకోకపోతే, వేలిముద్ర వేయకపోతే కోర్టు మనల్ని ఏమీ చేయలేదని ఊరంతా నమ్మేవాళ్ళం.

డెబ్బైల చివర్లో ఒక ఏడు, నా భర్త ఆదోనిలో పత్తి మిల్లు పనికి పోయాడు. మా నాలుగెకరాల చేను తనదని ఆయన పెదనాన్న కొడుకు దావా వేశాడని అప్పటికే ఎవరో చెప్పారు. బస్సెక్కే ముందు నా భర్త నాకు ఒకటే మాట చెప్పాడు.

"యా కాగితమొచ్చినా ముట్టుకోవాకు. ఏలు పెడితివా, సేను పోయినట్లే."

పది రోజులకే అమీనా మా వాకిట్లోకి వచ్చాడు. సన్నటి మనిషి, మోకాళ్ళ దాకా దుమ్ము. నీళ్ళడిగితే ఇచ్చాను. తాగి, సంచిలోంచి కాగితం తీశాడు.

"మీ ఆయప్ప యాడమ్మా?"

"ఊర్లో లేడు."

"అయితే నువ్వే తీస్కో. ఈడ ఏలు ఎయ్యి."

"నేనెయ్యను."

"తల్లీ, ఇది సేను గుంజుకునే కాగితం గాదు. వాయిదాకు రమ్మని మీ ఆయప్పను పిల్సే కాగితం. తీస్కుంటేనే మీకు మంచిది."

ఎదురింటి అరుగు మీద కూర్చున్న అవ్వ అందుకుంది. "యోవ్ అమీనా, ఈ మాట సెప్పి ఎన్ని కొంపలు ముంచినావప్పా! నిన్ను జూస్తే మా ఊరి కుక్కలు గూడా కాళ్ళు మడిసి దాపెట్టుకుంటాండాయి."

వీధిలో అందరూ నవ్వారు. ఆ నవ్వులకు నాకు ధైర్యం వచ్చి తలుపు వేసుకున్నాను. ఆయన ఆ అవ్వనే కాస్త అంబలి అడగడం లోపలికి వినిపించింది. అంబలి పూసి కాగితాన్ని నా తలుపుకు అంటించి, ఇద్దరు మగవాళ్ళ చేత సాక్షి సంతకాలు పెట్టించుకుని పోయాడు. సాయంత్రానికి మా మేక అంబలి రుచికి ఆ కాగితాన్ని నాకి, చింపి, తినేసింది. పీడ పోయిందనుకున్నాను. నా భర్త వచ్చి, విని, మెచ్చుకున్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది నాకు గుర్తున్నంతలో అదొక్కసారే.

రెండేళ్ళు ఎవరూ రాలేదు. మూడో ఏడు, శనక్కాయ పీకబోయే ముందు, అదే అమీనా చేనికే వచ్చాడు. వెంట డప్పు కొట్టే మనిషి, పెదనాన్న కొడుకు, ఇంకో నలుగురు. గట్టు మీద డప్పు మోగింది. అమీనా కాగితం చదివాడు. మేము కోర్టుకు రాలేదు కాబట్టి తీర్పు అవతలివాళ్ళకైందట, ఇక చేను వాళ్ళదట. దోసెడు మన్ను తీసి ఆయన మొహాన కొట్టాను.

"మా నోట్లో మన్ను గొడ్తివి గదప్పా!"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నేను ఇచ్చేటోన్నీ గాదు, తీసుకునేటోన్నీ గాదు తల్లీ. రాసిచ్చిన పని సేసి పోయేటోన్ని. ఆ పొద్దు రమ్మని పిల్సినాను గదా."

మా మామ, ఆయన అన్న ఆస్తిలో పాలు పంచుకున్నప్పటి పత్రం మా ట్రంకుపెట్టెలోనే ఉంది. ఆ నాలుగెకరాలూ మా మామ పాలివని అందులో ఉంది. నా భర్త దాన్ని పట్టుకుని ఆదోనిలో ఒక వకీలు దగ్గరికి పరుగెత్తాడు.

"దీన్ని వాయిదా దినం తెచ్చింటే సేను మీదే," అన్నాడట వకీలు. "తలుపుకంటిస్తే ఇచ్చినట్లే లెక్కప్పా. గడువు దాటిపాయ."

ఎమ్మిగనూరు చేరి నేతగాళ్ళ ఇళ్ళలో నూలు చుట్టే కూలికి కుదిరాం. నా భర్త మళ్ళీ ఆ చేను మాట ఎత్తలేదు. నాతో మాట్లాడడమే తగ్గించాడు. ఆయన పోయాక, నలభై దాటిన వయసులో, వయోజన విద్య బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదవడం వచ్చిన తర్వాత, వకీలు తిరిగి ఇచ్చిన కాగితాల కట్ట విప్పాను. అందులో అమీనా కోర్టుకు రాసిచ్చిన దానికి నకలు ఉంది. ఒక్క పేజీ చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎక్కడో ఒకచోట అబద్ధం రాసి ఉంటాడని వేలు పెట్టి వరసవరసా వెతికాను.

ఇంట్లో ఉన్న ఆడమనిషికి విషయం విడమరిచి చెప్పానని రాశాడు. ఆమె తీసుకోనని తలుపు వేసుకుందని, తలుపుకు అంటించానని రాశాడు. అంతా జరిగింది జరిగినట్టే ఉంది. ఆయన్ను తిట్టుకోవడానికైనా నాకు ఒక్క ముక్క దొరకలేదు.