ఇరవై మూడో గడి

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ ప్రేరణ మాస్టారే. పిల్లల మనస్తత్వం గురించి పాఠం చెబుతాడు. పాతికేళ్లుగా ఒకటే నోట్సు. అట్ట ఊడితే అట్ట మారింది గాని లోపల అక్షరం మారలేదు. "ఏ ఇద్దరు పిల్లలూ ఒకలా ఉండరు" అని ఆయన చెబుతుంటే అరవైమందీ ఒకేలా రాసుకునేవారు. ఒకలా రాయనివాళ్లని నిలబెట్టేవాడు.

పాఠం మొదలుపెట్టే ముందు పిల్లల్లో ప్రేరణ కలిగించాలి. పాఠం పేరు మనం చెప్పకుండా, ప్రశ్నలు వేసి వాళ్ల నోటితోనే చెప్పించాలి. ఇదీ ఆయన సిద్ధాంతం. అది జరిగిందో లేదో చూడటానికి ఇరవై రెండు గడులతో ఒక పరిశీలన పత్రం తయారుచేశాడు. ఆ కాగితం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు ఎందరో.

ఒకరోజు పైనుంచి ఉత్తర్వు దిగింది. పాఠం చెప్పడం నేర్పేవాళ్లు కూడా పక్క బడిలో ఒక పాఠం చెప్పి చూపించాలట. అదే పత్రం, అవే మార్కులు. సగం రాకపోతే రికార్డుల గదికి బదిలీ.

"అసలు మీరు పిల్లలకి పాఠం చెప్పి ఎన్నేళ్లయిందండీ?" అంది భార్య, చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"చెప్పేవాళ్లకి చెప్పడం నా పని."

"గట్టుమీద కూచుని ఈత నేర్పినట్టు. మన పిల్లకి ఎక్కాలు నేర్పిందెవరు మరి?"

"నువ్వే. అది వేరు."

"వేరేలెండి. అది నేర్చుకుంది కదా!"

మూడో తరగతిలో, మార్కులు వెయ్యడానికొచ్చిన అధికారి వెనక బెంచీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూచున్నాడు. మాస్టారు ఎంచుకున్న పాఠం వర్షం. తొమ్మిది ప్రశ్నలు రాసుకొచ్చాడు. తొమ్మిదోదానికి పిల్లలు 'వర్షం' అనాలి.

"పిల్లలూ, ఆకాశంలో ఏముంటాయి?"

తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది. "ఈరోజు మన పాఠం వర్షం సార్!"

ఆ ఏడాది శిక్షణకొచ్చిన పద్నాలుగుమంది ఆ తరగతికి అదే పాఠం చెప్పి వెళ్లారు. నోట్సులో ఉదాహరణ వర్షమే మరి.

"ఉండండర్రా, ముందు ఆకాశంలో..."

"మబ్బులు సార్. ఇప్పుడు గొడుగు బొమ్మ చూపించాలి సార్," అంది ముందు బెంచీ పిల్ల, పాపం సాయం చేద్దామని.

చూపించాడు. చప్పట్లు కొట్టారు. అవి ఎప్పుడు కొట్టాలో కూడా వాళ్లకి తెలుసు. నాలుగు నిమిషాల్లో తొమ్మిది ప్రశ్నలూ అయిపోయాయి.

కిటికీ పక్క పిల్ల చెయ్యెత్తింది. "సార్, వాన ఇంకా పడకముందే వాసన ఎలా వస్తుంది?"

అది నోట్సులో లేదు. నోట్సు లేని చోట ఆయన ఎప్పుడూ నిలబడలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

"సారుకి తెలీదంట్రోయ్!" అని ఎవరో సంబరంగా అరిచారు.

"దూరంగా ఎక్కడో పడే ఉంటుంది సార్."

"కాదు, మా అమ్మమ్మకి మోకాలు నొప్పెడితే వాన వస్తుంది."

"మోకాలికి వాసనెక్కడిదే?"

మాట మీద మాట పెరిగింది. సగంమంది కిటికీ దగ్గరికి పరిగెత్తారు. మాస్టారు సుద్దముక్క వాళ్ల చేతికిచ్చి, బెంచీ చివర ఒదిగి కూచుని విన్నాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు, ఆయనతో సహా.

అధికారి మాత్రం శ్రద్ధగా గడులు నింపాడు. తరగతి క్రమశిక్షణకి సున్న. పథకం ప్రకారం బోధనకి సున్న. మొత్తం వందకి ముప్ఫై ఒకటి.

"పత్రం భలే పకడ్బందీగా చేశారు మాస్టారూ. తప్పించుకుందామన్నా సందు లేదు," అన్నాడు, మనసారా మెచ్చుకుంటూ.

అలా మాస్టారు రికార్డుల గదికి చేరాడు. పరిశీలన పత్రాలు అచ్చుకి వెళ్లేది ఆ గది నుంచే. ఊరుకోలేక ఇరవై మూడో గడి ఒకటి కలిపాడు: 'తెలియని చోట తెలియదని చెప్పారా?' పైవాళ్లు చదవకుండానే సంతకాలు పెట్టేశారు.

నెల తిరిగింది. ఆ గది గోడకి అవతలే పక్క బడి మూడో తరగతి. శిక్షణకొచ్చిన కొత్తమ్మాయి గొంతు వినపడింది.

"పిల్లలూ, ఈ విషయం నాకు తెలియదు."

"పర్లేదు టీచర్! అందరం కలిసి తెలుసుకుందాం!"

వెంటనే చప్పట్లు.

మాస్టారు గోడకి చెవి ఆనించి, ఆ కేకలో కిటికీ పక్క పిల్ల గొంతు ఉందేమోనని వెతికాడు.

ఉంది. అందరికంటే గట్టిగా.