ప్రేమలత సాక్ష్యం

ప్రేమలతతో స్నేహం చేయాలంటే ఓపిక ఉండాలి. నాకు లేదు. అయినా ఇన్నేళ్లుగా ఆమె నా స్నేహితురాలే. ఉదయగిరి బస్టాండు వెనక వీధిలో నాది బట్టలు కుట్టే అంగడి. సందు అవతల ప్రేమలత పుట్టిల్లు. నేను మిషన్ తొక్కుతుంటే, తీరిక దొరికినప్పుడల్లా ఆమె ఎదురుగా స్టూలు వేసుకొని జాకెట్లకు హుక్కులు కుడుతూ కూర్చునేది. నేను తిట్టేదాన్ని, ఆమె నవ్వేది. ఆ తిట్లలో సగం ఆమెకు, సగం తెగిపోయే దారానికి.

పెళ్లయిన కొత్తలోనే ప్రేమలత మొగుడు జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. చర్చి వాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేరి, అక్కడే వార్డెన్ అయింది. చుట్టుపక్కల పల్లెల నుంచి పనులకు దూరం పోయేవాళ్లు తమ పిల్లల్ని అక్కడ వదిలివెళ్లేవాళ్లు. వాళ్ల తలలు దువ్వడం, పేలు చూడడం, జ్వరమొస్తే పక్కన పడుకోవడం, అన్నం మానేసి అలిగినదాన్ని బుజ్జగించడం, ఇదే ఆమె బతుకు. పిల్లలు తగ్గిపోవడంతో పోయిన వేసవిలో ఆ హాస్టల్ మూతపడింది. ప్రేమలత, తమ్ముడు ఎడ్విన్ ఉండే పుట్టింటికి వచ్చేసింది. ఎడ్విన్ మంచివాడు, వాడి పెళ్లాం అంతకన్నా మంచిది. తిండికీ గుడ్డకూ లోటు లేదు. అయినా మనిషి రోజురోజుకీ చిక్కిపోయింది. ఏందే నీ బాధ అని గట్టిగా అడిగితే ఒకరోజు చెప్పింది.

"ఇంట్లో సద్దు లేదు రేణుకా. తెల్లారి లేస్తే నన్ను పిలిచేవాళ్లు లేరు. ఊరికే బతికుండానని అనిపిస్తా ఉండాది."

అందుకే, ఆత్మకూరులో ఒక బడి వాళ్లు చిన్నపిల్లల హాస్టల్‌కు వార్డెన్ కోసం చూస్తున్నారని నా దగ్గర కుట్టించుకునే టీచరమ్మ చెప్పగానే, నేనే ఫోన్ చేసి ఇంటర్వ్యూ ఎప్పుడో కనుక్కొని, మంచి చీర కట్టించి ఆమెను బస్సెక్కించాను. సాయంత్రం దిగేసరికి మొహం కళకళలాడిపోతోంది. బడి కరస్పాండెంట్ సుకన్య మేడం చాలాసేపు మాట్లాడిందట. కొత్తగా వచ్చిన పిల్ల ఏడుపు ఆపకపోతే ఏం చేస్తావని అడిగిందట. ఏడవనిస్తాను, పక్కనే కూర్చుంటాను, అమ్మను వదిలొచ్చిన బిడ్డ ఏడవక ఏం చేస్తుంది అని ఈమె చెప్పిందట. మేడం గదులు, వంటిల్లు అంతా తిప్పి చూపించి, టీ కూడా ఇప్పించిందట. మరి ఉద్యోగం ఇచ్చినట్టేనా అంటే, ఏమో, చెప్తారులే అంది.

ఆ చెప్పడం కోసం ఎదురుచూపులు మొదలయ్యాయి. నా అంగడి కిటికీ దగ్గర సిగ్నల్ బాగుంటుందని ఫోన్ అక్కడ పెట్టి, హుక్కులు కుడుతూ దానివైపే చూసేది. మోగితే ఒక్క ఉదుటున లేచేది. తీరా చూస్తే రీచార్జ్ అయిపోతోందని చెప్పే కంపెనీ వాళ్లు. ఇట్లా నెల తిరిగిపోయింది.

నువ్వే ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవే అని మొత్తుకున్నాను. ససేమిరా అంది. ఆదివారం చర్చిలో ఈ ఉద్యోగం కోసం సంఘమంతా మోకాళ్లూని ప్రార్థన చేసిందట. దేవుడి చేతిలో పెట్టిన పనికి మళ్లీ మనం వెంటపడితే ఆయన మీద నమ్మకం లేనట్టేనట. ఆయనకు తెలుసు గదా అంటుంది. నాకు ఒళ్లు మండిపోయింది. మీ దేవుడు పోయి ఆ మేడంకు ఫోన్ చేస్తాడా అన్నాను. నవ్వింది గానీ, హుక్కు తప్పు చోట కుట్టింది.

ఇక లాభం లేదని, లైనింగ్ గుడ్డ కొనాలి తోడు రా అని ఆత్మకూరు బయల్దేరదీశాను. అది ఉదయగిరిలో దొరకదా అని ఆమె అడగలేదు. పెద్ద సంచి ఒకటి భుజానికి తగిలించుకొని వచ్చింది. ఒక పూట పనికి ఇంత బరువు ఎందుకే మోస్తావు అని కసిరితే, ఉండనీలే అంది.

బస్సులో సీట్లు దొరికాయి. ఉదయగిరి కొండ వెనకబడ్డాక నేను మెల్లగా మొదలుపెట్టాను. ఇంటర్వ్యూ రోజు ఏం జరిగిందో ఒక్క ముక్క వదలకుండా మళ్లీ చెప్పమన్నాను. ఆ రోజు గురించి మాట్లాడడమంటే ఆమెకు ఇష్టం. మేడం అడిగిన ప్రశ్నలు, గదులు, వంటిల్లు, టీ అన్నీ చెప్పుకొచ్చింది. టీ తాగి లేచి వచ్చేశావా అన్నాను.

"లేస్తా ఉంటే, ఎప్పటి నుంచి వస్తావమ్మా అనడిగింది."

"నువ్వేమన్నావు?"

"ప్రార్థన చేసుకొని చెబుతానమ్మా అన్నాను."

నా చేతిలోని శనక్కాయల పొట్లం ఒళ్లో పడింది. వాళ్లింట్లో ఇది మామూలే. ఊరికి పోవాలన్నా, ఇల్లు మారాలన్నా, పెళ్లి సంబంధం వచ్చినా, ముందు ప్రార్థన చేసుకొని తర్వాతే ఔననో కాదనో చెబుతారు. నోటికి అలవాటైన మాట, అనేసి వచ్చింది.

"చేసుకున్నావా?"

"ఆ పొద్దే చేసుకున్నాను. మనసు నిమ్మళంగా అనిపించినాది. పొమ్మన్నాడు దేవుడు."

"మరి చెప్పినావా?"

"చెప్పినాను గదా. ఎడ్విన్‌కి చెప్పినాను, పాస్టరయ్యకి చెప్పినాను, చర్చిలో అందరికీ..." అని ఆగిపోయింది.

"మేడంకి?"

"చెప్పాల్సింది వాళ్లు గదా" అంది సన్నగా.

తిట్టాను. బస్సులో ఉన్నామని కూడా చూడలేదు. ఎప్పటి నుంచి వస్తావని అడిగారంటే ఉద్యోగం ఇచ్చినట్టు కాక మరేమిటి, ఆవిడ నీ జవాబు కోసం అక్కడ కూర్చుంటే నువ్వు ఆవిడ ఫోన్ కోసం నా కిటికీ దగ్గర కూర్చున్నావు, ఈపాటికి ఎవరినో పెట్టేసుకొని ఉంటారు అన్నాను. ప్రేమలత సంచిని ఒళ్లోకి లాక్కొని గట్టిగా పట్టుకుంది. ఏడవలేదు. ఆత్మకూరు వచ్చేదాకా పెదవులు కదులుతూనే ఉన్నాయి. అది చూసి నేనూ నోరు మూసుకొని, పెంచలకోన నరసింహస్వామికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

బడి గేటు దగ్గర ఆమెకు అడుగు ముందుకు పడలేదు. రెక్క పట్టుకొని లోపలికి తీసుకెళ్లాను. సుకన్య మేడం చూడగానే గుర్తుపట్టింది.

"ఏమ్మా, ప్రార్థన అయిందా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. ప్రేమలత చేతులు కట్టుకొని నిలబడింది.

"ఆ పొద్దే అయిందమ్మా. మీరు చెప్తారని చూస్తా ఉండాను. చెప్పాల్సింది నేనని తెలీలే. నాకు పిల్లల దగ్గర ఉండాలని ఉండాది. ఈ పని నాకు కావాలమ్మా."

నాకు కావాలి అనే మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. దేవుడి పేరు చెప్పి వెళ్లిన మనిషిని తొందరపెట్టడం బాగుండదని మేడం ఊరుకుందట. తర్వాత, ఇష్టంలేక మొహమాటానికి అట్లా అందేమో అనుకుందట. ఇంకొకామెను పెట్టి చూస్తే, పిల్లలు ఏడిస్తే చాలు అరిచేదట. ఆమె మానేశాక వంటావిడే రెండు పనులూ చేసుకొస్తోందట. అంతా చెప్పి, మళ్లీ అదే ప్రశ్న వేసింది, ఎప్పటి నుంచి వస్తావని.

ప్రేమలత మళ్లీ పాత మాటే అంటుందేమోనని, కాలు తొక్కడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఈ పూట నుంచేనమ్మా" అంది.

సంచి విప్పింది. చీరలు, దుప్పటి, బైబిలు, దువ్వెనలు, కొబ్బరినూనె సీసా. ఇంటర్వ్యూ నుంచి వచ్చిన రోజే సర్దిపెట్టుకుందట. ఆత్మకూరు అనగానే, ఒకవేళ ఉండిపొమ్మంటే మళ్లీ ఇంటికి పోయే పనేముందని మోసుకొచ్చిందట. నెల రోజులుగా నేను విసుక్కున్న ఆమె నమ్మకం ఆ సంచిలో మడతలు పెట్టి ఉంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దేవుడు చేసిన మేలును ఆదివారం చర్చిలో లేచి అందరికీ చెప్పడాన్ని వాళ్లు సాక్ష్యం అంటారు. ఉద్యోగమొస్తే సాక్ష్యం చెప్తానని మాటిచ్చిందట. ఇప్పుడు పిల్లల్ని వదిలి రావడానికి కుదరదు కాబట్టి, ఆమె బదులు నేను చెప్పాలట. బొట్టు పెట్టుకొనేదాన్ని, నేను మీ చర్చిలో చెప్పడమేందే అన్నాను.

"నువ్వు చూసినావు గదా" అంది.

ఆదివారం వెళ్లాను. ఎడ్విన్ మైకు నా చేతిలో పెట్టాడు. అంతమంది మొహాలు చూసేసరికి, వీధి వీధంతా దడుచుకునే నా నోరు పెగల్లేదు.

"ప్రేమలతకి ఉద్యోగం వచ్చినాది" అన్నాను ఎట్లాగో. "దేవుడు నెల కిందే ఇచ్చినాడు. ఈ మొద్దే పోయి తీసుకోలేదు."

చర్చి అంతా ఘొల్లుమని నవ్వి ఆమేన్ అంది. అక్కడితో మైకు ఇచ్చేసి కూర్చుని ఉండొచ్చు. కానీ ఎదురుగా ఖాళీ స్టూలు పెట్టుకొని మిషన్ తొక్కుతున్న వారం అది. మాట దానంతటదే వచ్చేసింది.

"నా అంగట్లో ఇప్పుడు సద్దు లేదు. నాక్కూడా కొంచెం ప్రార్థన చేయండి" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ మోకాళ్లూనారు.