సొంత డబ్బా

మా వీధిలో కోతుల బెడద ఎక్కువ. తిరుపతిలో కోతులు లేని వీధి ఏదని మీరు అడగవచ్చు గానీ, మా మిద్దె మీదికి వచ్చేవి మరీ కొత్త అల్లుళ్లలా వస్తాయి, ఏం పెట్టినా చాలదు. వాటిని తోలడానికి పక్కింటావిడ ఖాళీ నూనె డబ్బా మీద అట్లకాడతో ఢమఢమా వాయిస్తుంది. ఇవాళ పొద్దున కూడా వాయించింది. కోతులు ఏపాటి భయపడ్డాయో తెలియదు, నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని బిగుసుకుపోయాను. ఆ మోతంటే నాకు భయం లేదు. అది ఎప్పుడు ఆగుతుందోనని భయం. ఇది నాకు పుట్టుకతో వచ్చింది కాదు, సుగుణక్క ఇచ్చి పోయింది.

సుగుణక్క చిత్తూరులో పియానో నేర్పేది. నేను అప్పటికి పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాణ్ని. వేళ్లు కాస్త దారికి వస్తాయని ఆమె దగ్గరికి వెళ్లాను. చర్చివాళ్లు ఇక పనికిరాదని వదిలేసిన పియానో ఒకటి ఆమె ముందుగదిని సగం ఆక్రమించి ఉండేది. పై మూత తీసి ఉంది. తొంగి చూస్తే తీగల మధ్య చింతగింజలు, తాళంచెవులు, కొబ్బరి పీచు. ఒక మెట్టు నొక్కితే గంట మోగినట్టు, ఇంకొకటి నొక్కితే ఎవరో దగ్గినట్టు వినిపించింది.

"ఏమక్కా, పియానోకు దిష్టి తీసినావా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నీ కీబోర్డులో నూరు వాయిద్యాలు ఉంటాయి గదప్పా. మా అమ్మ కూలికి పోయి చెనిక్కాయలు చెరిగే సప్పుడు ఉండాదా దాంట్లో?" అంది.

లేదన్నాను.

"అయితే నేనే చేసుకోవల్ల" అని పియానో ముందు కూర్చుంది. కూర్చుని చేసి చూపించింది కూడా. ఒళ్లో పెట్టుకున్న చాటలో గింజలు ఒక చేత్తో కదుపుతూ, రెండో చేత్తో మెట్లు నొక్కుతూ. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ తర్వాత చాలాకాలం ఆమె ఇంటికి తిరిగాను. అలవాటు కొద్దీ ఎక్కడైనా ఓ గమకం పెడితే స్కేలుతో వేళ్ల మీద ఒకటి వేసేది. "పెండ్లి సోకులు ఈడ వద్దప్పా" అనేది.

తను బతికిన బతుకునే చప్పుళ్లుగా వేదిక మీద వాయించి చూపాలని ఆమెకు పట్టుకుంది. పాటలేమీ ఉండవు. చాట, సత్తుగిన్నెలు, కుట్టుమిషను, మధ్యలో పియానో. తిరుపతిలో ఒక హాలు కూడా మాట్లాడింది. ఈ సంగతి చెబితే మా ఆర్కెస్ట్రావాళ్లు పడీ పడీ నవ్వారు. "పెద్దామెకు సొంత డబ్బా కొట్టుకోవాలని ఉండాది, పాపం" అన్నాడు ఒకడు. నా నోరు ఊరుకోదు కదా, ఆ మాట తీసుకెళ్లి ఆమె చెవిన వేశాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఆ మాటను తనలో తాను ఒకసారి అనుకుని చూసింది. తర్వాత, "మంచి పేరే. అదే పెడదాం" అంది. మంచం కింద నుంచి తుప్పుపట్టిన కిరోసిన్ డబ్బా ఒకటి లాగింది.

"ఇది సొంత డబ్బానే. మా నాయనది."

పలమనేరు అవతల, అడవి అంచున వాళ్లకు చెరకు తోట ఉండేదట. చెరకు ముదిరితే ఏనుగులు దిగేవి. "పొద్దు గూకినాక నాయన మంచె ఎక్కి డబ్బా కొడతా ఉండె. ఇంట్లో మేము వింటా ఉంటిమి. డబ్బా మోగుతుండాదంటే నాయన ఉండాడని. ఒకరోజు ఆగిపోయింది. నేను నాయనా అని అరవబోతే అమ్మ నా నోరు గట్టిగా మూసేసింది. సప్పుడు వింటే ఏనుగులు ఇంటి మిందికి వస్తాయని. తెల్లారిందాకా ఎవురమూ పలకలేదు."

ఏనుగులు తొక్కిపోయిన చెరకు మధ్య తండ్రి శవమై దొరికాడు. ఇదంతా ఆమె డబ్బా మీది దుమ్ము తుడుస్తూ చెప్పింది.

నా పని ఏమిటంటే, తెర వెనక నిలబడి ఆ డబ్బా కొట్టడం. కొడుతూ కొడుతూ ఆపేయాలి. అప్పుడు ఆమె చివరి భాగం ఒక్కతే వాయించాలి.

"యాడ ఆపాలో చెప్పక్కా, గుర్తు పెట్టుకుంటా."

"మా నాయన నాకు చెప్పి ఆపినాడా?" అంది.

సాధనలో ఒక్కసారి కూడా ఆమె ఆ చోటు దాటలేదు. డబ్బా ఆగగానే వేళ్లు మెట్ల మీద పడి అక్కడే ఉండిపోయేవి. ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. ఇంట్లో సరే, అంతమంది ముందు ఇలాగే ఆగిపోతే? ఈమె మళ్లీ పియానో ముట్టుకుంటుందా? ఉండబట్టలేక అడిగేశాను.

"నేను ఆపకుండా కొడతా పోతానక్కా. సూసేవాళ్లకు ఏం తెలుస్తాది?"

"వద్దప్పా. ఇన్నేండ్లుగా ఆ ఇంట్లోనే నోరు మూసుకోని కూసోని ఉండా. నువ్వు ఆపకపోతే నేను బయటికి ఎట్ల వచ్చేది?"

ప్రదర్శన నాటి సాయంత్రం హాలు సగం నిండింది. చాట వాయించే భాగం దగ్గరే కొందరు లేచి వెళ్లిపోయారు, కుర్చీల చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. తెర వెనక నుంచి ఆమె కనబడదు. నా వంతు వచ్చి డబ్బా అందుకున్నాను. కొడుతున్నాను, ఆపడానికి చెయ్యి రావడం లేదు. నేను కొట్టినంతసేపూ ఎవరో బతికి ఉన్నారు, ఆపితే చంపినవాణ్ని అవుతాను అనిపించింది. కర్ర చెమటకు జారుతోంది. ఎందుకో తెలియదు, ఒక దెబ్బ తర్వాత ఇంకో దెబ్బ వేయలేదు.

హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పియానో పలకలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకా పలకలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక లాభం లేదని కర్ర మళ్లీ ఎత్తాను.

అప్పుడు ఆమె లేచిన చప్పుడు వినబడి తెర సందులోంచి తొంగి చూశాను. మూత తీసిన పియానో మీదికి వంగి, కాలితో పెడల్ అదిమి పట్టి, దాని కడుపులోకి గట్టిగా పిలిచింది.

"నాయనా!"

తీగలన్నీ ఒక్కసారిగా వణికాయి. పెడల్ తొక్కి ఉంచితే పియానో తీగలు ఏ పిలుపుకైనా తిరిగి పలుకుతాయి, మాలాంటివాళ్లకు తెలిసిన సంగతే ఇది. తెలిసి కూడా నా ఒళ్లు జలదరించింది. ఎక్కడో దూరంగా, తోటలో నుంచి ఎవరో మెల్లగా బదులిచ్చినట్టు వచ్చింది. ఆమె మళ్లీ పిలిచింది. మళ్లీ వచ్చింది. తర్వాత కూర్చుని చివరి భాగం వాయించింది, అక్కడక్కడా తప్పులతో, ఆగకుండా.

తెర వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పలికినాడప్పా" అంది.

సుగుణక్క ఇప్పుడు లేదు. ఆ ప్రదర్శన మళ్లీ చేయనూ లేదు. ఆమె నాకు ధైర్యం నేర్పిందని రాస్తే బాగానే ఉంటుంది గానీ అబద్ధమవుతుంది. నాకు అంటించింది భయమే. దాంతోపాటు, భయమేసినప్పుడు నోరు మూసుకోకూడదని కూడా చెప్పి పోయింది. మా ఇంట్లో మిక్సీ గానీ, కొళాయి గానీ, మనిషి మాట గానీ ఉన్నట్టుండి ఆగితే నేను ఊరుకోలేను, పిలుస్తాను. మా అమ్మాయికి ఇది మహా విసుగు. మొన్న వెనక గదిలో ఏదో పాడుకుంటూ పాట సగంలో ఆపేసింది. చేతిలో పని వదిలేసి గట్టిగా పిలిచాను.

"ఈడే ఉండా నాయనా" అంది లోపలి నుంచి. "ఊరికే ఎందుకట్ల పిలుస్తావు?"