అమ్మ కషాయం, నీలి డ్రమ్ము

మా జామతోటకు అమ్మ కాచే కషాయం పురుగును చంపదు, తరుముతుంది. ఈ తేడా ఆమె నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. నేనే చెవిన పెట్టలేదు. "ఈగను సంపుడెందుకురా? దానికి మన కాయ వాసన తెల్వకుంట చేస్తే సాలు" అనేది. వేపాకు, సీతాఫలం ఆకు, వావిలాకు దంచి, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి, ఆవు మూత్రంలో ఉడికించి, చల్లారాక మట్టి గోలెంలో నానబెట్టేది. చెట్లకు కొట్టే ముందు వేలు ముంచి నాలుకకు రాసుకునేది. చేదు గొంతు దాకా దిగితే మందు తయారైనట్టు. నాన్న ఒకసారి దుకాణంలో కొన్న పురుగుమందు కొడుతూ తోటలోనే పడిపోయాడు. ఆనాటి నుంచి ఆమెది ఒకటే పట్టుదల, తన నాలుక మీద పెట్టుకోలేనిది కాయ మీద పడకూడదని.

మా ఊరు కర్దనూరు పక్కనే. తోట గట్టు మీద నిలబడితే కంపెనీల పొగగొట్టాలు కనిపిస్తాయి, గాలి ఇటు తిరిగితే ముక్కు మండుతుంది. నేను గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తాను. మా దగ్గర ఏ వాకిట్లో చూసినా నీళ్లకు నీలి డ్రమ్ములే ఉంటాయి. అన్నీ కంపెనీల నుంచి పాత సామాను దుకాణాలకు వచ్చినవే. ఇంటికి తేగానే కొడవలితో లేబుల్ గీకి, సబ్బు నీళ్లతో కడిగి, ఎండలో బోర్లిస్తాం. దాని మీది హెచ్చరిక బొమ్మ పోతే అది ఇంటి సామాను కింద లెక్క.

మొన్న వానాకాలం తోట కాపు మీద ఉండగా గోలెం పగిలింది. పండు ఈగలు అప్పటికే దిగాయి, ఏ కాయ కోసినా తెల్ల పురుగులే. అమ్మ గోలెం గోలెం అని ప్రాణం తీస్తుంటే విసుగొచ్చి ఒక డ్రమ్ము తెచ్చాను. దాని మీద పుర్రె బొమ్మ ఉంది. అమ్మకు చదువు రాదు కానీ ఆ బొమ్మ తెలుసు, చూస్తే వాకిట్లోకి కూడా రానివ్వదు. అందుకే ఆమె తోట నుంచి వచ్చేలోపు నల్లా దగ్గర కూర్చుని శుభ్రంగా గీకేశాను. బొమ్మ కింద రసాయనం పేరు కూడా రాసి ఉంది. చదవడం వచ్చినవాణ్ణే, చదవలేదు. మూడుసార్లు కడిగాను. మూడోసారి కూడా కుళ్లిన అరటిపండులాంటి తీపి వాసన వచ్చింది. ఎండకు పోతుందిలే అనుకున్నాను. మూడుసార్లు కడిగానని మాత్రం అమ్మకు చెప్పాను.

అందులో కషాయం నాలుగు రోజులు నానాక అమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది. వేలు నాలుకకు రాసుకుని ఆగింది.

"చేదు తెలుస్తలేదేందిరా?"

మళ్లీ రాసుకుంది. ఈసారి అరచేతిలోకి తీసుకుని నాకింది. "నాలుక మొద్దువారినట్టున్నది. ఆకు ముదిరిందో ఏమో. జెర సూస్త ఆగు" అంటూ ఇంకోసారి. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వద్దమ్మా అనే మాట గొంతులోకి వచ్చింది. అంటే ఎందుకని అడుగుతుంది. షిఫ్టుకు ఆలస్యమవుతోందని చెప్పి, పంపు వీపుకు తగిలించుకుని, ఒక వరుసంతా కొట్టేశాను.

తెల్లారి తోట నిశ్శబ్దంగా ఉంది. చెట్ల మొదళ్లలో చీమలు బారుగా నడుస్తూ నడుస్తూనే చచ్చిపోయి ఉన్నాయి. తేనెటీగలు ఆకుల మీదే అతుక్కుపోయాయి. ఒక్క ఈగ లేదు, ఒక్క పిట్ట కూయలేదు. అమ్మ వంగి ఒక తేనెటీగను అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇది తరిమినట్టు లేదు బిడ్డా" అంది.

ఆ సాయంత్రానికి ఆమె నాలుక పొక్కింది. కలిపిన చేతికి మోచెయ్యి దాకా తోలు లేచింది. సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోయాను. ఏం మందు తగిలింది, పేరు తెలిస్తే మంచిదన్నాడు డాక్టరు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "ఆకుల కషాయం సారు. నాదే తప్పు. వాగు ఒడ్డున ఆకు తెంపిన, కంపెనీ నీళ్లు తాగిన ఆకు గద." డాక్టరు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. నా బతుకులో అంతకన్నా సిగ్గుమాలిన పని చేయలేదు.

ఆ వరుస కాయలన్నీ కోసి గుంతలో పూడ్చాను. పురుగు పట్టిందని అమ్మకు చెప్పాను. వాటిలో ఒక్క పురుగు కూడా లేదు.

చెయ్యి మానింది, నాలుక మానలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది, ఎట్లున్నదని అడుగుతుంది, మంచిగుందంటాను. కొత్త గోలెం కొన్నాం. ఇప్పుడు కషాయం అయినప్పుడల్లా గిన్నెలో తెచ్చి నా ముందు పెడుతుంది. "నువ్వే సూడు. ఇగ నాకు నీ నాలుకే దిక్కు." డ్రమ్మును మాత్రం ఇంటి వెనక బోర్లించాను. పగలగొడితే ఎందుకని అడుగుతుందని భయం. రోజూ రేపు చెబుదామనుకునేవాణ్ణి.

పోయిన వారం షిఫ్టు దిగి వచ్చేసరికి డ్రమ్ము లేదు. నేల మీద దాని గుండ్రటి అచ్చు మాత్రం ఉంది.

"వెనక గల్లీ పిల్లకు కాన్పయింది గద, నీళ్లకు తిప్పలైతుందంటే ఇచ్చిన" అంది అమ్మ. "నా కొడుకు మూడుసార్లు కడిగిండు, పరేషాన్ కాకుండ్రి అని చెప్పిన."

చూరులో ఉన్న కొడవలి లాక్కుని చెప్పులు లేకుండా పరుగెత్తాను. వెనక గల్లీలో డ్రమ్ము అంచుదాకా నిండి ఉంది. బాలింత వాళ్లమ్మ అందులోంచి చెంబు ముంచుతోంది. చెంబు తన్నేసి, డ్రమ్మును కొడవలితో రెండు పోట్లు పొడిచాను. నీళ్లు గల్లీ పొడవునా పారాయి. పిచ్చి లేసిందా అని ఆమె అరిచింది, జనం మూగారు.

"దీని మీద పుర్రె బొమ్మ ఉండె. గీకింది నేనే" అన్నాను.

వెనక్కి తిరిగితే అమ్మ నిలబడి ఉంది. నా వెంటే వచ్చినట్టుంది. మానిన చేత్తో నోరు మూసుకుని, నా పాదాల మీదుగా పారుతున్న నీళ్లను చూస్తూ ఉండిపోయింది.