ఐసులో మేలుకున్న రెనిన్

2006. అజీజ్‌నగర్ చేలన్నీ ఐటీ వాళ్ల ఫామ్‌హౌసులవుతున్న రోజులు. మొయినాబాద్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో నేను కొత్తగా టెక్నీషియన్‌గా చేరాను. ఒక ఉదయం సుధాకర్ గారనే సాఫ్ట్‌వేర్ మేనేజరు, కాకినాడ వైపు మనిషి, తన తోటమాలి మల్లయ్యన్నను కార్లో తీసుకొచ్చారు. మల్లయ్యన్నది ఆలూరు. మామిడి అంట్లు కట్టాలంటే ఆయన చెయ్యే పడాలనేవారు. నలభై కూడా నిండకముందే, బీపీ పెరిగి పక్షవాతం వచ్చి, ఆ కుడిచెయ్యే పడిపోయింది.

డాక్టరు రెనిన్ పరీక్ష మళ్లీ రాశారు. బీపీ పెంచే పనిని రక్తంలో మొదలుపెట్టే ఎంజైమ్ అది. కిడ్నీ మీది గ్రంథిలో గడ్డ వల్ల బీపీ పెరిగితే రెనిన్ పడిపోతుంది. పక్షవాతానికి ముందు చేసిన పరీక్షలో అది తగ్గలేదు. అందుకే గడ్డ కోసం ఎవరూ వెతకలేదు.

రక్తం తీసి, పైన తేలే పచ్చటి ప్లాస్మాను వేరుచేశాను. సుధాకర్ గారు ఐస్ బాక్స్ తెచ్చి బల్ల మీద పెట్టారు.

"సిటీ ల్యాబ్‌కి నేనే తీసుకెళ్తానండీ. పోయినసారి శనివారం వెళ్లేసరికి మూసేశారు. ఆదివారమంతా ఐస్ మారుస్తూ కాపాడి సోమవారం ఇచ్చాను."

"అయ్యో, ఎంత పని చేసిండ్రు సార్!" అనేశాను.

ఇక చెప్పక తప్పలేదు. రక్తంలో రెనిన్ చాలావరకు నిద్రలోనే ఉంటుంది. దాన్ని ప్రోరెనిన్ అంటారు. పనిచేసే చోటును దాని సొంత ముక్కే మూసి ఉంచుతుంది. కిడ్నీ ఆ ముక్కను కోసేస్తే రెనిన్ మేలుకుంటుంది. ట్యూబులో ప్లాస్మా మంచుగా మారకుండా గంటల తరబడి ఊరికే చల్లగా ఉన్నా ఆ ముక్క పక్కకు తొలగుతుంది. అప్పుడు లేని రెనిన్ ఉన్నట్టు కనిపిస్తుంది.

సుధాకర్ గారి ముఖం పాలిపోయింది. "చల్లగా ఉంటే పాడవదనుకున్నానండీ... అంటే, ఆ చెయ్యి నా వల్లేనా?"

మల్లయ్యన్నే అన్నాడు: "ఊకోండ్రి సారూ. నా మంచికే జేసిండ్రు గద. తెల్వకపాయె, ఏంజేస్తం?"

ఈసారి ఐస్ లేకుండా, వెంటనే పంపాం. రెనిన్ దాదాపు లేదు. గడ్డ దొరికింది. ఆపరేషన్ తర్వాత బీపీ దిగింది కానీ చెయ్యి రాలేదు.

వానాకాలంలో ఆ తోట వైపు వెళ్తే, మల్లయ్యన్న కుర్చీలో కూర్చుని చెబుతున్నాడు, సుధాకర్ గారు అంటు కడుతున్నారు. "జర గట్టిగ గుంజుండ్రి సారూ, గాలి దూరొద్దు."

అప్పటినుంచీ ఎవరు శాంపిల్ తెచ్చినా, మూత తీయకముందే "ఎట్లా తెచ్చారు?" అని అడుగుతాను. ఆ సోమవారం సిటీ ల్యాబ్‌లో ఒక్కరు అడిగి ఉంటే, ఆ అంట్లు మల్లయ్యన్నే కట్టేవాడు.