వైకింగు వేషానికి ఒక పిన్నీసు

రాజమండ్రి నుంచి మా అమ్మాయి సిరిని యాప్రాల్‌లో వేషధారణ పోటీకి తీసుకెళ్తూ, సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లోనే ముస్తాబు మొదలుపెట్టాను. పూర్వకాలపు వైకింగు స్త్రీ వేషం అది. నారబట్ట చొక్కా మీద ఉన్ని గౌను వేస్తారు. దాని పట్టీలు భుజాల దగ్గర రెండు ఇత్తడి బిళ్ళల మీద నిలుస్తాయి, బిళ్ళల మధ్య పూసల దండ వేలాడుతుంది. పుస్తకాల్లో బొమ్మలు చూసి అంతా నేనే కుట్టాను. తీరా చూస్తే ఒక బిళ్ళ వెనక సూది విరిగిపోయింది. గౌను నిలవడం లేదు, సిరి కళ్ళలో నీళ్ళు.

పక్కన ఒకావిడ కూర్చుంది, స్టేషన్ దగ్గరి చిలకలగూడేనట. ఆవిడ, “ఏందక్కా, గింత పరేషాన్ అయితున్నవ్?” అని అడిగింది. ఓడల మీద దండెత్తి వచ్చే వైకింగుల ఆడవాళ్ళు ఇలా కట్టుకునేవారని చెప్పాను.

“పూసలు, పిన్నీసా? మనం సుత గట్లనే పెట్టుకుంటం గద,” అని నవ్వి, తన నల్లపూసలకున్న పిన్నీసు తీసింది. నేను చెయ్యి చాపితే ఇవ్వకుండా బెంచీ మీద పెట్టింది.

“సూది చేతికిస్తే కొట్లాట అయితదంటరక్కా. మీ వైకింగోళ్ళకు ఉన్న కొట్లాటలు సాలవా ఏంది?”

మా ఇంట్లో ఉప్పు అలాగే కింద పెట్టి ఇస్తాం. సూదికీ ఆ పట్టింపు ఉందని నాకు అప్పుడే తెలిసింది. దేవుడికి మనసులోనే దండం పెట్టుకుని పిన్నీసు తీసుకున్నాను.

పోటీలో గౌను జారలేదు. వేదిక దిగి వచ్చిన సిరి పిన్నీసు విప్పింది. నేను చెయ్యి చాపినా ఇవ్వకుండా, కుర్చీ మీద పెట్టి నవ్వింది.