బ్లెండు చెప్పనిదే పొట్లం లేదు

నెల్లిమర్లలో టీపొడి కొట్టు నడిపే ఉపేంద్ర, బ్లెండు అనే మాట ఎక్కడ పుట్టిందో చెప్పకుండా జీవితంలో ఒక్క పొట్లం కట్టలేదు. పెళ్లిచూపుల్లోనూ అదే చెప్పాడు. పెళ్లికూతురు అనూరాధ, ఇదేదో పరీక్ష కాబోలనుకుని పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పింది. సంబంధం అక్కడే ఖాయమైంది.

మధ్యలో ఎవరైనా అడ్డొస్తే ఆయన మళ్లీ మొదటికొస్తాడు. ఈ సంగతి కూర్మమ్మకి తెలియదు. జూట్ మిల్లు గేటు దగ్గర టీ బండి పెట్టి, పొడి ఈ కొట్లోనే కొంటూ ఆమెకి పది రోజులే అయింది. రెండింటికి షిఫ్టు వదిలేసరికి టీ మరగకపోతే జనం ఎదుటి బండికి పోతారు.

"బ్లెండంటే కలపడం, కూర్మమ్మా. ఈ మాట అసలు ఇంగ్లీషోళ్లది కాదు. వెయ్యేళ్ల కిందట ఇంగ్లండుకి ఉత్తరాన ఉన్న దేశాల నుంచి ఓడలేసుకుని..."

"మా పేటోళ్లూ పడవలేసుకెల్తారు సావుకారూ. సేపలు తెస్తారు గానీ మాటలు తేరు. బేగి కట్టండి."

"బ్లెండంటే కలపడం, కూర్మమ్మా..."

మర్నాడు ఆమె పక్కవీధి కొట్టుకి వెళ్లింది. అదే రకం డస్టు టీపొడి, అదే తూకం. నిమిషంలో పని అయిపోయింది.

రోజూ ఆమె బండి దగ్గరే తాగే మిల్లు కార్మికుడు ధనరాజు ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశాడు. "ఏటి కూర్మమ్మప్పా, పొడి ఎయ్యడం మర్సిపోనావా?"

మూడోనాటికి అతను ఎదుటి బండి దగ్గర కనిపించాడు.

కూర్మమ్మ తలదించుకుని ఉపేంద్ర కొట్టుకి వచ్చింది. ఆయన ఓడలు బయల్దేరదీశాడు. వాదించే ఓపిక లేక, తలెత్తకుండా ఆయన చేతులే చూస్తూ నిలబడింది. డస్టు తూచి కాగితంలో పోశాక, ఓడలు ఇంగ్లండు తీరం చేరేవేళకి ఎడమచెయ్యి పక్క డబ్బాలోకి వెళ్లింది. ఆఫీసర్ల ఇళ్లకి వెళ్లే ఖరీదైన ఆకు. తూకం లేకుండా గుప్పెడు. "వాళ్లు బ్లాండా అనేవాళ్లు," అంటూ కలిపేసి పొట్లం కట్టాడు. తీసుకుంది డస్టు ధరే.

చెప్పి ఇస్తే ఆమె పుచ్చుకునే మనిషి కాదు. అందుకే ఆ నోరు అంత దూరం ఓడలు తిప్పుతోంది.

ఆ మధ్యాహ్నం ధనరాజు తిరిగి ఆమె బండికే వచ్చాడు. ఖాళీ గ్లాసు మళ్లీ చాపాడు.

అప్పట్నుంచి కూర్మమ్మ అరగంట ముందే కొట్టుకి వస్తోంది. "ఆ ఓడలోళ్లు ఏ దారంట వచ్చినారు సావుకారూ?" అని తనే అడిగి, ఆయన చెయ్యి కనపడకుండా వీధివైపు తిరిగి నిలబడుతుంది.